ఒకటిన్నర పైచిలుకు మేనల్లుడు

షికాగో శివారులో ఉండే మా మేనల్లుడికి పదిహేనేళ్లు. బరువు నలభై ఏడు కిలోలు. బంతి తనవైపు వస్తే కళ్లు గట్టిగా మూసుకుంటాడు. స్కూలు జట్లలో దేనిలోనూ లేడు, చేరే ఉద్దేశమూ లేదు. అయినా ఇల్లినాయ్ హైస్కూలు క్రీడల సంఘం లెక్కలో వాడు ఒక్కడు కాదు, 1.65 మంది. వాడు చేసిన ఘనకార్యమల్లా ప్రైవేటు బడిలో చదవడమే.

వేళాకోళం కాదు. అమెరికాలో స్కూళ్ల మధ్య పోటీలు చాలావరకు విద్యార్థుల సంఖ్యను బట్టి పెడతారు. చిన్న బడి చిన్న బడితో, పెద్దది పెద్దదానితో తలపడాలి. ప్రభుత్వ బడికి ఒక పొలిమేర ఉంటుంది. ఆ నాలుగు వీధుల్లో ఎవరు పుడితే వాళ్లతోనే జట్టు కట్టుకోవాలి. ప్రైవేటు బడికి పొలిమేర లేదు. ముప్పై మైళ్ల అవతల ఎనిమిదో తరగతిలోనే ఆరడుగులు పెరిగినవాడు ఉన్నా చేర్చుకోవచ్చు. కప్పులన్నీ వాళ్ల అల్మారాలకే పోతున్నాయని ప్రభుత్వ బళ్లు మొత్తుకున్నాయి. మొత్తుకోవడంలో న్యాయం ఉంది, నేను కాదనను. దానికి పెద్దలు కనిపెట్టిన మందే గుణకారం. 2005లో ఇల్లినాయ్ 1.65 ఖాయం చేసింది. ఆరువందల మంది ఉన్న బడి కాగితం మీద 990 మంది బడి అయి, తనకన్నా పెద్ద బళ్లతో ఆడాలి.

మిగతా 390 మంది ఎవరని అడగకండి. వాళ్లు హాజరు పట్టీలో మాత్రమే ఉండే జాతి. మనకూ కొత్తవాళ్లేమీ కాదు. కాకపోతే మన దగ్గర అలాంటి పిల్లల పేరున కోడిగుడ్లు, చిక్కీలు వస్తాయి. అక్కడ ఓటములు వస్తాయి.

నన్ను ముగ్ధుణ్ణి చేసింది ఆ రెండు దశాంశ స్థానాలు. ఒకటిన్నర అంటే ఏదో ఉజ్జాయింపుగా చెప్పారనుకోవచ్చు. 1.65 అన్నాక తూకం వేయకుండా ఎలా అంటారు? అయితే తక్కెళ్లన్నీ ఒక్కలా లేవు. అలబామా చాలా ఏళ్లపాటు 1.35 పెట్టింది. టెన్నెసీ 1.8 పెట్టింది. ఆ రోజుల్లో అలబామాలోని బర్మింగ్‌హామ్ నుంచి టెన్నెసీలోని నాష్‌విల్‌కు మకాం మార్చిన కుటుంబంలో పిల్లవాడు కారు దిగేసరికి 0.45 పెరిగి ఉండేవాడు. జార్జియా ఒక దశలో పొలిమేర దాటి వచ్చిన విద్యార్థిని ఏకంగా ముగ్గురిగా లెక్కగట్టింది. పురాణాల్లో కూడా మూడు తలలు రావాలంటే తపస్సు చేయాల్సి వచ్చేది.

ఫ్లోరిడాది ఇంకో వేదాంతం. అక్కడ ఏ బడికీ వెళ్లకుండా ఇంట్లో చదువుకునే పిల్లలు ప్రభుత్వ బడి జట్టులో ఆడవచ్చు. టిమ్ టీబో అనే ఆటగాడు అలాగే ఫుట్‌బాల్ ఆడి, 2007లో కాలేజీ ఆటగాళ్లకిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. అంటే స్కూలు ఆటకు స్కూలు తప్పనిసరి కాదన్నమాట. రోజూ యూనిఫారం వేసుకుని బడికి వెళ్లే మా వాడు మాత్రం దశాంశ స్థానాలు మోస్తున్నాడు.

ఇక టెన్నెసీలో ఒక కోచ్ రాసిన ఉత్తరం కథ. నాష్‌విల్ దగ్గర బ్రెంట్‌వుడ్ అకాడమీ అనే ప్రైవేటు బడి ఉంది. 1997లో ఆ బడి ఫుట్‌బాల్ కోచ్ కొందరు ఎనిమిదో తరగతి పిల్లలకు వసంతకాలపు సాధనకు రమ్మని ఉత్తరం రాసి, కింద ‘మీ కోచ్’ అని సంతకం పెట్టాడు. ఆ పిల్లలు అప్పటికే ఆ బడిలో చేరడానికి ఒప్పుకున్నవాళ్లు. అయినా ఇది ఆటగాళ్లకు వల వేయడమేనని రాష్ట్ర క్రీడల సంఘం తేల్చింది. మూడు వేల డాలర్ల జరిమానా, నాలుగేళ్ల నిఘా, రెండేళ్లు ఫుట్‌బాల్, బాలుర బాస్కెట్‌బాల్ నాకౌట్ పోటీలకు దూరం. ఉత్తరం రాయడం తన వాక్ స్వాతంత్ర్యమని బడి కోర్టుకెక్కింది. కేసు అమెరికా సుప్రీంకోర్టుకు ఒకసారి కాదు, రెండుసార్లు వెళ్లింది. 2001లో ఈ సంఘం ప్రభుత్వంతో సమానమేనని అయిదుగురు, కాదని నలుగురు న్యాయమూర్తులు తేల్చారు. 2007లో తొమ్మిదిమందీ ఒక్కమాట మీద నిలబడి, వల వేయకూడదన్న నిబంధన వాక్ స్వాతంత్ర్యాన్ని హరించదని చెప్పారు. ఉత్తరం అందుకున్న కుర్రాళ్లకు అప్పటికి ఇరవై నాలుగేళ్లు దగ్గరపడ్డాయి.

ఇది చదివి నేను నిజంగా కలవరపడ్డాను. మన వైపు పదో తరగతి పిల్లవాడు హాల్‌టికెట్ తెచ్చుకునేలోపే కార్పొరేట్ కాలేజీ పీఆర్వో గుమ్మంలో ఉంటాడు. సోఫాలో కూర్చుంటాడు, కాఫీ తాగుతాడు, మీ అబ్బాయి నా తమ్ముడిలాంటివాడు అంటాడు, ఫీజులో రాయితీ రాసిచ్చి వెళ్తాడు. ఫలితాలొచ్చాక ఒకే ర్యాంకర్ రెండు కాలేజీల ప్రకటనల్లో రెండు రంగుల చొక్కాలతో నవ్వుతాడు. ఇది కూడా గుణకారమే, పైగా అచ్చంగా రెండు. దశాంశాల గొడవ లేదు. పాపం ఆ కోచ్ కాఫీ కూడా తాగలేదు.

మా చెల్లెలికి ఈ లెక్క చెప్పినప్పుడు ఆమె పెసరట్టు తిప్పుతోంది. ఫోను గోడకు ఆనించి ఉంది. “అన్నయ్యా, వీడు ఒకటిన్నర అట్టు తినడానికే ఏడుస్తాడు, 1.65 ఎక్కడ?” అంది. వెనకనుంచి వాడు, “మామయ్యా, ఆ 0.65 నా బదులు జిమ్ పీరియడ్‌కు వెళ్తుందా?” అని అడిగాడు. సంఘానికి రాసి కనుక్కుంటానన్నాను.

సంఘం మరీ కఠినాత్మురాలు కాదు. ఏళ్ల తరబడి చెప్పుకోదగ్గ విజయాలు లేని బళ్లకు గుణకారం నుంచి మినహాయింపు ఉంది. అంటే తగినంతగా ఓడిపోతే పిల్లలు తిరిగి ఒక్కొక్కరవుతారు. ఈ సంగతి తెలిశాక మా చెల్లెలు అరోరా బాలాజీ గుడికి వెళ్లి కొబ్బరికాయ కొట్టింది. కొడుకు బడి జట్లన్నీ మొదటి రౌండులోనే పోవాలని మొక్కుకుందట.