దుంగకు కాపలా, కోడికి పొక్లెయిన్

కడప, తిరుపతి వైపు చెక్‌పోస్టులో లారీ ఆపి టార్పాలిన్ ఎత్తి చూస్తున్నారంటే దేనికోసమో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. తూర్పు కనుమల దక్షిణ కొసన తప్ప సహజంగా పెరగని చెట్టు, అందుకే ఎర్రచందనం మీద అందరి కన్నూ. కడప జిల్లాలోని లంకమల కొండల అంచున చిట్టడవిలో కలివికోడి అనే అరుదైన పక్షి కూడా ఉంటుంది, దాన్ని ఎవరూ ఎత్తుకెళ్లరు కాబట్టి దానికోసం ఏ లారీనీ ఆపరు.

మమ్మల్ని అడిగితే ఎక్కువ ఆపదలో ఉన్నది కోడే. ప్రపంచమంతటా జీవజాతులకున్న ముప్పును లెక్కగట్టే ఐయూసీఎన్ సంస్థ జాబితాలో ఎర్రచందనం అంతరించే ప్రమాదంలో ఉంది (2018లో కాస్త నయమని కిందికి దించి, కొన్నేళ్లకే మళ్లీ పాత చోటికి ఎక్కించారు), కలివికోడిది అంతకన్నా తీవ్రమైన స్థాయి. చెట్టు నరికితే మోడు చిగురిస్తుంది, నర్సరీలో మొలుస్తుంది, రైతులు చేలల్లో పెంచుతున్నారు కూడా. కోడికి నర్సరీ ఎక్కడుంది?

1848లో బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త జెర్డన్ లోకానికి చెప్పిన ఈ పక్షి 1900 తర్వాత జాడ లేకుండా పోయి, 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఒక వేటగాడి టార్చి వెలుగులో చిక్కింది, పక్షిశాస్త్రవేత్త సలీం అలీ పరుగున వచ్చేసరికి ప్రాణం పోయింది. రాత్రిపూటే తిరుగుతుంది, అందుకని పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే వంగి మూడు వేళ్ల అడుగులు వెతుకుతారు, అవి తీతువువేమో అని స్కేలు పెట్టి కొలుస్తారు. అంత అపురూపమైన చోటుకే 2005లో తెలుగుగంగ కాలువ యంత్రాలు వచ్చాయి! గొడవయ్యాక దారి మార్చారు, సరే. కానీ పొదలు వంటచెరకుకీ, నిమ్మతోటలకీ పోతుంటే అడిగేవాడేడీ? ముళ్లపొద అంటే మనకి బీడే కదా.

దుంగల కాపలా తగ్గించమని మేం అనడం లేదు, అయితే 2015 ఏప్రిల్‌లో శేషాచలంలో పోలీసు కాల్పులకు చనిపోయిన 20 మందీ కూలికొచ్చిన వాళ్లేనని మర్చిపోలేం. పట్టుకున్న దుంగల్ని ప్రభుత్వం వేలం వేస్తోంది, ఆ డబ్బులో కొంత లంకమల చుట్టూ మిగిలిన పొదల భూమిని కొనడానికి పెట్టొచ్చు. పొద్దుగూకాక కాసేపే వినిపించే ఆ రెండక్షరాల కూత కోసం ఏటా సర్వే చేయించొచ్చు, దానికి నాలుగు రికార్డర్లూ, అడవి తెలిసిన ఊరివాళ్లకి జీతాలూ చాలు.