చడీచప్పుడు లేని జనరేటర్

జూన్ వచ్చిందంటే కరీబియన్ సముద్రంలో తిరిగే తెరచాప పడవలు చాలావరకు మూటాముల్లె సర్దుకుని గ్రెనడా దక్షిణ తీరానికి చేరతాయి. తుపాన్ల కాలంలో పన్నెండో అక్షాంశం దరిదాపులకు దిగి ఉండకపోతే డబ్బు రాదని చాలా ఇన్సూరెన్స్ పాలసీల్లో రాసి ఉంటుంది మరి. 2004లో ఐవన్ తుపాను ఆ షరతులేవీ చదవకుండా నేరుగా గ్రెనడా మీదికే వచ్చి పడింది, అది వేరే సంగతి. ప్రిక్లీ బే లాంటి చోట నవంబరు దాకా పడవ పక్కన పడవ లంగరు వేసుకుని ఉంటాయి. అక్కడ అది వానాకాలం. మబ్బు పట్టిన రోజున సోలార్ ప్యానెళ్ళు పేరుకే ఉంటాయి. ఫ్రిజ్‌కి మాత్రం మబ్బూ ఎండా ఒకటే. అందుకని పొద్దుగూకే వేళకి జనరేటర్లు మొదలవుతాయి, వాటి వెనకే తగాదాలు.

లంగరు మీద ఉన్న పడవ ముక్కు ఎప్పుడూ గాలికి ఎదురుగా తిరిగి ఉంటుంది. అంటే పడవలన్నీ ఒకే వైపు చూస్తూ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. జనరేటర్ పొగగొట్టం సాధారణంగా పడవ వెనక భాగంలో ఉంటుంది. దానికి సరిగ్గా ఎదురుగా వెనక పడవ ముక్కు. ఆ ముక్కులోనే వాళ్ళ పడక. పడక మీద పైకప్పులో ఉండే తలుపు, అదే హ్యాచ్, బార్లా తెరిచి, గాలి బాగా దిగాలని దానికి గుడ్డ తొట్టి కూడా కట్టుకుంటారు. ఆ తొట్టిలోకి గాలి ఒక్కటే దిగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

ఇప్పుడు మన పడవాయన సంగతి. నలభై అడుగుల పడవ, 12 వోల్టుల 400 ఆంపియర్-అవర్ ఏజీఎం రకం లెడ్-యాసిడ్ బ్యాటరీలు, అందులో రోజుకు 150 దాకా వాడకం. మొదట్లో, అక్కడి పడవల్లో సగంమంది దగ్గర ఉన్నట్టే, ఆయన దగ్గర కూడా ఇరవై కిలోల పెట్రోలు ఇన్వర్టర్ జనరేటర్ ఉండేది. పెళ్ళి పందిరి వెనక దడదడలాడే జనరేటర్‌తో పోలిస్తే అది మౌనవ్రతం పట్టినట్టే. కాకపోతే ఫ్రిజ్ కంప్రెసర్ ఎత్తుకున్నప్పుడల్లా ఇంజను కూడా ఎత్తుకుంటుంది, దించుకున్నప్పుడల్లా దించుకుంటుంది. రాత్రంతా ‘వూఁ... ఊఊ... వూఁ’. చప్పుడు ఒకే స్థాయిలో ఉంటే మనిషి నిద్రపోతాడు గానీ, ఆలాపన చేస్తుంటే ఎలా పోతాడు? పైగా పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, పడవ అడుక్కి దిగి అక్కడే కూచుంటుంది. కాబట్టి డబ్బాలను కేబిన్లో పెట్టకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు కాబట్టి జనరేటర్‌ని చుక్కాని దగ్గరి కాక్‌పిట్‌లోనో సామాన్ల లాకర్‌లోనో నడపకూడదు. ఇలా ‘కూడదు’లు పెరిగాక ఆయన 4 కిలోవాట్ల డీజిల్ జనరేటర్ కొన్నాడు. రెండు సిలిండర్లు, 3000 ఆర్‌పీఎం, చుట్టూ సౌండ్ షీల్డ్ అనే ఫైబర్ పెట్టె.

బ్రోషర్‌లో 54 డెసిబెల్స్ అని పెద్దక్షరాలతో ఉంది. కింద చీమ తలకాయంత అక్షరాలతో ‘7 మీటర్ల దూరంలో’ అని కూడా ఉంది. పన్నెండు మీటర్ల పడవలో జనరేటర్‌కి ఏడు మీటర్ల దూరాన పడుకోవాలంటే లంగరు గొలుసు పక్కన పడుకోవాలి. వెనక కేబిన్లో దిండుకీ జనరేటర్‌కీ మధ్య ఉన్నది మీటరూ ముప్పావు. దూరం సగమైనప్పుడల్లా 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ఇక్కడ రెండుసార్లు సగమైంది, అంటే 66. అదీ ఆరుబయట లెక్క. మూసిన కేబిన్లో గోడలు కూడా తమ వంతు జోడిస్తాయి.

ఆ 54లో ఇంకో కిటుకు ఉంది. అది ‘ఎ’ తూకంలో కొలిచిన అంకె. రెండు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజను 3000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 50 సార్లు పేలుతుంది. 50 హెర్ట్జ్ మోతకి ఈ తూకం 30 డెసిబెల్స్ తగ్గించి రాస్తుంది, అంత కింది స్వరం మనిషి చెవికి సరిగా ఆనదని. చెవికి ఆనకపోవచ్చు. మంచానికి ఆనుతుంది.

మొదటి రాత్రి పడవాయన భార్య దిండు తీసుకుని ముందు కేబిన్‌కి మకాం మార్చింది. రెండో రాత్రి వెనక పడవాయన రేడియోలో పిలిచి, “ఇంకెంతసేపండీ?” అని మర్యాదగానే అడిగాడు.

పడవాయన పనిలోకి దిగాడు. డీజిల్ జనరేటర్ బిగించిన లాకర్ లోపల అంతా ఫోమ్ అంటించాడు. ఫోమ్ చప్పుణ్ణి ఆపదు, గోడలకు కొట్టుకుని తిరిగే మోతను కాస్త మింగుతుంది, అంతే. ఆపేది బరువు. ఫోమ్ పొరల మధ్య చదరపు మీటరుకు ఐదు కిలోలు తూగే వినైల్ పొర ఉన్న షీటు దొరుకుతుంది, అది వెయ్యాలి. అది వేసినా పెట్టె వైశాల్యంలో ఒక్క శాతం కన్నం మిగిలితే 20 డెసిబెల్స్ కంటే ఎక్కువ తగ్గదు. ఈ ముక్క చదివాక ఆయన కంటికి కన్నం తప్ప ఇంకేమీ కనిపించలేదు. కేబుళ్ళు దూరే కన్నాలు మూశాడు, మూత అంచుల్లో రబ్బరు బీడింగ్ వేశాడు, అది మంచి పనే. ఆ ఊపులో గాలి లోపలికి వచ్చే దారి కూడా మూసేశాడు. ఇరవై నిమిషాల్లో పొగ నల్లబడింది, ఆల్టర్నేటర్ వేడెక్కి ట్రిప్ అయింది. ఇంజనుకి గాలి కావాలి. దారి మూయకూడదు, వంకర చెయ్యాలి. లోపల ఫోమ్ అంటించిన డక్టుని రెండుచోట్ల అడ్డంగా మలిస్తే గాలి తిరిగి వస్తుంది, చప్పుడు మూలలకి కొట్టుకుని నీరసపడుతుంది.

మోత సగం తగ్గింది గానీ గరిటెల స్టాండ్ మోగుతూనే ఉంది. అది గాలిలో వచ్చే చప్పుడు కాదు, చెక్కలో నడిచి వచ్చే అదురు. జనరేటర్ కింద నాలుగు రబ్బరు మౌంటింగులు ఉన్నాయి. అలల్లో కదులుతుందేమోనని పడవాయన వాటి పక్కనే నాలుగు చెక్క మేకులు బిగించి పెట్టాడు. ఇక రబ్బరుకి పనేముంది? మేకులు పీకితే గరిటెలు ఆగాయి, గ్లాసులు అందుకున్నాయి. పొగ హోసుని కేబుల్ టైలతో అడ్డగోడకి బిగదీసి కట్టాడు, అదొక దారి. డీజిల్ రాగి గొట్టం నేరుగా ఇంజను దాకా వెళ్ళింది, అదింకో దారి. హోసుని రబ్బరు పట్టీల్లో వేలాడదియ్యాలి, డీజిల్ లైనులో చివరి అర మీటరు మెత్తటి గొట్టం ఉండాలి. లాకర్ నేల పల్చటి ప్లైవుడ్ అయితే కింద అడ్డదూలం ఒకటి పడాలి. నేలే ఊగుతుంటే మెత్తటి మౌంటింగ్ దేని మీద నిలబడి పనిచేస్తుంది? ఏ దారిన అదురు వస్తోందో పట్టుకోవడానికి మీటర్లేమీ అక్కర్లేదు, అరచెయ్యి గోడకి ఆనించి జరుపుకుంటూ పోతే చాలు.

ఇంత చేశాక మళ్ళీ రేడియో. “ఇంజను వినపడ్డంలేదండీ, థాంక్స్. ఆ నీళ్ళ చప్పుడే...”

నిజమే. ఇంజనుని చల్లబరిచిన సముద్రపు నీళ్ళు పొగతో కలిసి, సైలెన్సర్‌లోంచి పైకెక్కి, పడవ వెనక నుంచి బళుక్ బళుక్‌మంటూ పడుతుంటాయి. ఇంజను మోత ఉన్నంతకాలం ఈ బళుక్కు దాని చాటున దాక్కుంది. దీనికి మందు సెపరేటర్. పొగనీ నీళ్ళనీ విడదీసి, నీళ్ళని నీటిమట్టం కింద ఉన్న వాల్వు గుండా సద్దు లేకుండా వదిలేస్తుంది, పొగ మాత్రం పైనుంచి పోతుంది. నీళ్ళు వాటి బరువుకే దిగాలి కాబట్టి దాన్ని నీటిమట్టానికి పైన అమర్చాలి, కనీసం జానెడు. దిగే హోసుకి ఎక్కడా కడుపు జారకూడదు. ఆ వాల్వు తెరవకుండా ఇంజను వెయ్యకూడదు.

పడవాయన ఇవన్నీ తుచ తప్పకుండా చేశాడు. చెయ్యనిది ఒక్క లెక్క. సెపరేటర్ ఎత్తున పెట్టడంతో సైలెన్సర్ నుంచి పైకెక్కే హోసు మీటరూ ఇరవైకి పెరిగింది. 40 మిల్లీమీటర్ల హోసులో అది లీటరున్నర నీళ్ళు. ఇంజను ఆపగానే ఆ లీటరున్నరా వెనక్కి సైలెన్సర్‌లోకే పడుతుంది. నాలుగున్నర లీటర్ల సైలెన్సర్‌కి ఆ సాయంత్రం అదే తొలి వాయిదా.

రెండో వాయిదా సెల్ఫు కట్టింది. పనిలో పనిగా డీజిల్ ఫిల్టర్ మార్చాడు, లైన్లోకి ఎయిర్ వచ్చింది. సెల్ఫు కొట్టాడు, అందుకోలేదు. మళ్ళీ కొట్టాడు. పదిహేను సెకన్ల చొప్పున పన్నెండుసార్లు కొట్టాడు, మధ్యలో బ్యాటరీకి విశ్రాంతి కూడా ఇచ్చాడు, ఆ మాత్రం జ్ఞానం ఉంది. ఇంజను అందుకోకపోయినా నీళ్ళ పంపు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పూర్తి స్పీడులో నిమిషానికి 15 లీటర్లు తోడే పంపు, సెల్ఫు మీద 250 ఆర్‌పీఎం దగ్గర లీటరుంపావు తోడుతుంది. మూడు నిమిషాల సెల్ఫుకి మూడు లీటర్లా ముప్పావు. ఆ నీళ్ళని పైకి తన్నాల్సింది పొగ. పొగ లేదు. లీటరున్నరా, మూడూ ముప్పావూ కలిపితే అయిదుంపావు, పట్టేది నాలుగున్నర. మిగతా ముప్పావు లీటరు పోవడానికి ఒక్కటే దారి, వెనక్కి. పొగ దారిలోంచి ఎదురెక్కి, తెరిచి ఉన్న ఇంజను ఎగ్జాస్ట్ వాల్వులోంచి సిలిండర్లోకి దిగింది.

పదమూడోసారి సెల్ఫు ‘టక్’ అని ఆగిపోయింది. నీళ్ళని నొక్కి కుదించడం పిస్టన్ వల్ల కాదు. అప్పుడు కూడా మొండిగా కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అక్కడ చెయ్యి తీసేశాడు, అది ఆయన పుణ్యం.

వెనక పడవలో ఆ రాత్రి హాయిగా పడుకున్నారు. పొద్దున్నే రేడియోలో, “అద్భుతమండీ, అసలు నడుస్తోందో లేదో తెలియలేదు” అని మెచ్చుకున్నారు కూడా.

ఉప్పునీళ్ళు దిగిన ఇంజనుని మర్నాటికి వాయిదా వెయ్యడానికి లేదు, సిలిండర్ గోడలు తుప్పుపట్టడం వెంటనే మొదలవుతుంది. ముందు ఇంజనుకి సముద్రపు నీళ్ళు వచ్చే వాల్వు కట్టెయ్యాలి. సైలెన్సర్ అడుగు ప్లగ్గు తీసి ఖాళీ చెయ్యాలి. ఆ నీళ్ళు ఎక్కడ పడతాయో చూసుకుని బకెట్ పెట్టుకోవాలి, పడవాయన పెట్టలేదు. హీటర్ ప్లగ్గులు లేదా ఇంజెక్టర్లు విప్పి, కన్నాల మీద గుడ్డ కప్పి, ఇంజనుని మొదట చేత్తో తిప్పాలి, తర్వాతే సెల్ఫు. తొంగి చూసిన మొహం మీదికే నీళ్ళు చిమ్ముతాయి. ఆరాక సిలిండర్లలో పల్చటి నూనె కొంచెం పోసి మళ్ళీ తిప్పాలి. కింద ఇంజనాయిలు తెల్లగా నురగ కట్టి ఉంటుంది. గేజి గొట్టంలోంచి పంపుతో మొత్తం లాగేసి, ఫిల్టర్ మార్చి, చవకరకం కొత్త ఆయిలు పోసి, పది నిమిషాలు నడిపి మళ్ళీ తియ్యాలి. తెలుపు పోయేదాకా ఇదే వరస, మూడు నాలుగుసార్లు తప్పదు.

నడపాలంటే ముందు ఎయిర్ తియ్యాలి. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ బుడగలు ఆగేదాకా చూడాలి, తర్వాత ఇంజెక్షన్ పంపు దగ్గర, ఆఖర్న ఇంజెక్టర్ నట్టు అర చుట్టు వదిలి సెల్ఫు కొట్టాలి. ఈ సెల్ఫు అంతా నీళ్ళ వాల్వు మూసి ఉంచే కొట్టాలి. పడవాయన మూసే కొట్టాడు. ఇంజను అందుకుంది. ఆ సంబరంలో వాల్వు తెరవడం మరిచాడు. పంపులోని రబ్బరు ఇంపెల్లర్ నీళ్ళు లేకుండా నిమిషం కూడా సరిగా తట్టుకోదు. ఆరు రెక్కల్లో మూడు ఊడాయి. కొత్త ఇంపెల్లర్ వెయ్యడం పది నిమిషాల పని. ఊడిన మూడూ దొరికేదాకా వెతకడమే అసలు పని, ఎందుకంటే దొరకని ముక్క హీట్ ఎక్స్‌ఛేంజర్ గొట్టాలకి అడ్డం పడి వచ్చే నెల ఇంజనుని వేడెక్కిస్తుంది. ఒకటి పంపు మూతకే అంటుకుని ఉంది, రెండు ఎక్స్‌ఛేంజర్ మొదట్లో దొరికాయి. ఆ తర్వాత ఇంజను తాళంచెవి వాల్వు పిడికి తగిలించి ఉంచడం అలవాటైంది.

ఇంజను విప్పి ఉన్న రోజుల్లో ఆవిడ కాగితం మీద ఒక లెక్క వేసింది. ఉన్న చార్జర్ 60 ఆంపియర్లది. 150 తిరిగి నింపాలంటే రెండున్నర గంటల పైమాట, అంతసేపూ నాలుగు కిలోవాట్ల ఇంజను లాగేది ఒక కిలోవాట్. డీజిల్‌కి తేలిక పని పడదు. ఇంధనం పూర్తిగా కాలక మసి పేరుకుంటుంది, సిలిండర్ గోడ అద్దంలా నునుపై ఆయిలు తాగడం మొదలెడుతుంది. అదే 120 ఆంపియర్ల చార్జర్ పెట్టి, ఆ గంటలోనే నీళ్ళ హీటర్ కూడా వేస్తే లోడు మూడు కిలోవాట్లకి చేరుతుంది, గంటా పావులో పని అయిపోతుంది. అదీ బ్యాటరీ 80 శాతానికి చేరేదాకానే. ఆ పైన ఏజీఎం బ్యాటరీ చుక్కచుక్కగా తీసుకుంటుంది, ఆ మిగతాది ఎండ కాసిన రోజు సోలార్‌కి వదిలెయ్యాలి. ఫోమ్, వినైల్, సెపరేటర్ అన్నీ కలిపినదాంట్లో చిన్న వంతుకే ఆ చార్జర్ వచ్చేది. ఈ మాట ఆవిడ పైకి అనలేదు. కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అతికించింది.

పెద్ద సైలెన్సర్ వచ్చింది, చార్జర్ వచ్చింది. సాయంత్రం అయిదున్నరకి మొదలెట్టి ఏడు కాకముందే ఆపేస్తున్నారు. ఇక మిగిలింది నాలుగు విడతలు మార్చిన ఆయిలు, విడతకు రెండు లీటర్ల చొప్పున ఎనిమిది లీటర్లు, ఒడ్డున పాత ఆయిలు పీపాలో పొయ్యాలి. పడవాయన పొద్దున ఆరింటికే డబ్బాలు ఒడ్డుకి వెళ్ళే చిన్న పడవలోకి, అంటే డింగీలోకి దించి, పదిహేను హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటారుకి తాడు లాగి, నిద్రపోతున్న పడవల మధ్యనుంచి పూర్తి స్పీడులో ఒడ్డుకి పోనిచ్చాడు. దాని గురించి మాత్రం రేడియోలో ఎవరూ ఏమీ అనలేదు. అందరి డింగీలకీ అదే మోటారు.