బుడగ వస్తేనే ప్రైమరీ అంటే, మరి ఎనిలీన్ సంగతేమిటి?

ఈఏపీసెట్ దగ్గర పడేకొద్దీ తిరుపతిలో ఇంటర్ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక చార్టు తిరుగుతూ ఉంటుంది. దాంట్లో ఉండేది ఇది: "ఎమీన్‌కు నైట్రస్ ఆమ్లం కలపండి. బుడగలు వస్తే ప్రైమరీ, పసుపు నూనె వస్తే సెకండరీ, ఏమీ జరగకపోతే టెర్షియరీ. ప్రైమరీ నుంచి వచ్చేది ఆల్కహాల్. ఇంత సులువైన, ప్రమాదం లేని పరీక్ష ఇంకొకటి లేదు." (ఎమీన్ అంటే అమ్మోనియాలో హైడ్రోజన్ల బదులు కార్బన్ గుంపులు చేరిన పదార్థం. ఒకటి చేరితే ప్రైమరీ, రెండైతే సెకండరీ, మూడైతే టెర్షియరీ.) చిత్తూరు వైపు నుంచి వచ్చే పిల్లల ఫోన్లలోనూ ఇదే ఉంది. "బిట్ కొట్టడానికి చాలు గదా సార్" అంటారు. బిట్‌కు కూడా చాలదు. ఎందుకో ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

"నైట్రస్ ఆమ్లం కలపండి" అన్న మొదటి మాట దగ్గరే తేడా ఉంది. నైట్రస్ ఆమ్లం సీసాలో దొరకదు, నిలవ ఉండదు. సోడియం నైట్రైట్ ద్రావణాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొద్దికొద్దిగా పోస్తూ, ఐసు తొట్టిలో 0 నుంచి 5 డిగ్రీల మధ్య అప్పటికప్పుడు తయారుచేసుకోవాలి. చార్టులో ఉష్ణోగ్రత ఊసే లేదు, అసలు తిరకాసంతా అక్కడే. వేసవిలో మన ల్యాబుల్లో కుళాయి తిప్పితే వచ్చేవి వేడినీళ్లే. ఆ వేడికి నైట్రస్ ఆమ్లం తనంతట తానే విడిపోయి నైట్రిక్ ఆక్సైడ్ వదులుతుంది, అది గాలి తగలగానే గోధుమరంగు పొగ అవుతుంది. పరీక్షనాళికలో ఎమీన్ చుక్క లేకపోయినా బుడగలు వచ్చేస్తాయి.

ఇక "బుడగలు వస్తే ప్రైమరీ" అన్నది. ఎనిలీన్ (బెంజీన్ వలయానికి NH2 తగిలినది) ప్రైమరీ ఎమీనే. దాన్ని చల్లటి ఆమ్లంలో కరిగించి నైట్రైట్ పోస్తే బుడగ రాదు. బెంజీన్ డయజోనియం క్లోరైడ్ (వలయానికి రెండు నైట్రోజన్లు తగిలిన ధన అయాన్ ఇచ్చే లవణం) ఏర్పడి ద్రావణంలోనే ఉండిపోతుంది. చార్టును నమ్మితే ఎనిలీన్‌ను టెర్షియరీ అని రాసి రావాలి! అసలు జరిగేదేమిటంటే, ప్రైమరీ ఎమీన్ ఏదైనా సరే మొదట డయజోనియం అయానే అవుతుంది. ఆ తర్వాత అది నిలుస్తుందా, విడిపోతుందా అన్నదే ప్రశ్న. ఇథైలెమీన్ లాంటి వాటిలో చల్లగా ఉన్నా నిలవదు, నైట్రోజన్ వెంటనే లేచిపోతుంది. ఎనిలీన్‌లో బెంజీన్ వలయపు ఎలక్ట్రాన్లు కార్బన్-నైట్రోజన్ బంధాన్ని పట్టి ఉంచుతాయి, పైగా ఫీనైల్ కాటయాన్ (నైట్రోజన్ పోతే మిగిలే వలయపు ధన అయాన్) ఏర్పడటం చాలా కష్టం. అందుకే చలిలో నిలుస్తుంది. వేడిచేస్తే నైట్రోజన్ పోయి ఫీనాల్ మిగులుతుంది. చల్లగా ఉండగానే క్షారంలో కరిగించిన 2-నాఫ్తాల్‌లో పోస్తే నారింజ-ఎరుపు రంగు వస్తుంది. ఎనిలీన్‌ను గుర్తుపట్టాలంటే చూడాల్సింది ఆ రంగునే.

అటువైపు నుంచి చూసినా ఈ వాక్యం నిలబడదు. యూరియా ఎమీన్ కాదు, అయినా నైట్రస్ ఆమ్లంతో నైట్రోజన్ ఇస్తుంది. డయజోనియం తయారీలో మిగిలిపోయిన నైట్రస్ ఆమ్లాన్ని తీసేయడానికి యూరియా వేసేది అందుకే.

"ప్రైమరీ నుంచి వచ్చేది ఆల్కహాల్" అన్నది సగమే నిజం. నైట్రోజన్ పోయాక మిగిలే కార్బోకాటయాన్‌కు (ధనావేశమున్న కార్బన్ అయాన్) దారి ఒకటే కాదు. n-బ్యుటైలెమీన్‌తో చేస్తే 1-బ్యుటనాల్ వచ్చేది సుమారు 25 శాతమే. 2-బ్యుటనాల్ 13 శాతం, బ్యుటీన్లు 36 శాతం పైనే, కొంత క్లోరైడ్లు కూడా. హైడ్రోజన్ పక్క కార్బన్‌కు జరగడం వల్లే ఆ 2-బ్యుటనాల్. పరీక్షలో "ప్రధాన ఉత్పన్నం ఆల్కహాల్" అని రాయమంటే రాయండి, కానీ ఆల్కహాల్ తయారుచేయడానికి ఇది మంచి పద్ధతి అనుకోకండి.

"ఏమీ జరగకపోతే టెర్షియరీ" అన్నది నాకు అన్నింటికంటే చిరాకు తెప్పించే మాట. ట్రైఇథైలెమీన్ చల్లటి ఆమ్లంలో లవణంగా కరిగిపోతుంది కాబట్టి కంటికి మార్పు కనబడదు. కనబడకపోవడం వేరు, జరగకపోవడం వేరు. N,N-డైమిథైల్ ఎనిలీన్ కూడా టెర్షియరీయే, దాన్లో మాత్రం ఊరుకునే ప్రసక్తే లేదు. నైట్రోజన్ మీద చోటు లేకపోతే నైట్రోసో (NO) గుంపు వలయంలో దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న పారా స్థానానికి వెళ్లి కూర్చుంటుంది. ముందు నారింజ-పసుపు లవణం వస్తుంది, క్షారం కలిపితే ఆకుపచ్చటి పారా-నైట్రోసో సమ్మేళనం. ఇంత రంగు మారే చర్యకు చార్టు పెట్టిన పేరు "ఏమీ జరగదు"!

సెకండరీ సంగతి కొంత నయం. ఎలిఫాటిక్ (బెంజీన్ వలయం లేనిది) అయినా ఎరోమాటిక్ (వలయం ఉన్నది) అయినా N-నైట్రోసో ఎమీన్ వస్తుంది, ఎక్కువగా పసుపు నూనెలాగే. అన్నీ నూనెలు కావు, డైఫినైలెమీన్ ఇచ్చేది పసుపు ఘనపదార్థం.

అయితే "ప్రమాదం లేని పరీక్ష" అన్న ముక్క మాత్రం వెంటనే చెరిపేయాలి. ఆ పసుపు నూనెల్లో చాలావాటికి క్యాన్సర్ కలిగించే గుణముంది. డైమిథైల్ నైట్రోసో ఎమీన్ ఎలుకల కాలేయంలో కణితులు తెప్పిస్తుందని 1956లోనే తేలింది. 2018లో బీపీకి వాడే వాల్సార్టాన్ మాత్రలు చాలా దేశాల్లో వెనక్కి తీసుకున్నది కూడా దీనివల్లే. తయారీలో మిగిలిన ఎజైడ్ అనే రసాయనాన్ని పోగొట్టడానికి ఆమ్లంలో నైట్రైట్ వేశారు, డైమిథైల్ ఫార్మమైడ్ ద్రావణిలో నుంచి వచ్చిన డైమిథైలెమీన్ అనే సెకండరీ ఎమీన్ దాంతో కలిసింది. చార్టులో ఉన్న రెండో లైనే, మందుల ఫ్యాక్టరీలో జరిగింది.

కాబట్టి సెకండరీ ఎమీన్‌తో ఈ పరీక్ష పిల్లల చేత చేయించాల్సిన పని లేదు. పేపర్లో అడిగితే లీబర్‌మన్ నైట్రోసో చర్య రాయండి: వచ్చిన N-నైట్రోసో ఎమీన్‌ను ఫీనాల్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో వేడిచేస్తే ఆకుపచ్చ-నీలం, నీళ్లు కలిపితే ఎరుపు, క్షారం కలిపితే మళ్లీ నీలం. మూడు రకాలను విడదీయమంటే బెంజీన్ సల్ఫొనైల్ క్లోరైడ్‌తో చేసే హిన్స్‌బర్గ్ పరీక్ష ఉంది.