వేడినీళ్ళకు కరిగిపోయే వైరస్: ఒక ఫార్వర్డ్‌కు జవాబు

వానలు మొదలై గుంటూరులో ఇంటికొకరు జ్వరంతో మంచమెక్కినప్పటి నుంచి ఒక వాట్సాప్ మెసేజ్ ఆగకుండా తిరుగుతోంది. "ఓ పెద్ద డాక్టరు గారు చెప్పిన రహస్యం" అని మొదలవుతుంది. ఆ డాక్టరు గారి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. అందులోని విషయం ఇదీ: వైరస్ అంటే ప్రాణం లేని ప్రొటీన్ ముక్క, దాని చుట్టూ కొవ్వు పొర. గంటగంటకీ వేడినీళ్ళు తాగి ఆవిరి పడితే కొవ్వు కరిగిపోయి అది గొంతులోనే చస్తుంది. తగ్గకపోతే అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మూడు రోజులు, ఒళ్ళునొప్పులకు ఏదో ఒక పెయిన్ కిల్లర్. చివర్లో కొసమెరుపు: అసలు వైరస్‌ను ఇంతవరకూ ఎవరూ వేరుచేసి చూపించలేదు, అంతా మందుల కంపెనీల నాటకం.

ఎవరూ చూడనిదానికి కొవ్వు పొర ఉందని ఎలా తెలిసిందో, ప్రాణం లేనిది ఎలా చస్తుందో ఆ డాక్టరు గారే చెప్పాలి. సరే, ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు "ప్రొటీన్ ముక్క" సంగతి. పొగాకు బోర్డు ఆఫీసున్న ఊళ్ళో ఈ మాట చెల్లకూడదు, ఎందుకంటే వైరస్ కథ మొదలైందే పొగాకు ఆకులో. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ అనే శాస్త్రవేత్త తెగులు పట్టిన పొగాకు రసాన్ని, బ్యాక్టీరియా కూడా దూరలేని పింగాణీ వడపోతలో వడకట్టాడు. అలా వడకట్టిన రసం రాసినా మంచి ఆకుకు తెగులు వచ్చింది. 1935లో అమెరికాలో స్టాన్లీ ఆ పదార్థాన్ని స్ఫటికాలుగా తీసి, ఇది ప్రొటీనే అనుకున్నాడు. మరుసటి ఏడాదే ఇంగ్లండులో బాడెన్, పిరీ అందులో కొద్దిపాటి ఆర్ఎన్ఏ (వైరస్ తయారీ సూచనలు అక్షరాల్లా వరుసగా ఉండే పదార్థం) కూడా ఉందని తేల్చారు. 1956లో జర్మనీలో ఆ ఆర్ఎన్ఏను ఒక్కదాన్నే ఆకుకు రాస్తే, ప్రొటీన్ లేకుండానే తెగులు వచ్చింది. అంటే ప్రొటీన్ పైతొడుగు మాత్రమే. అసలు సరుకు లోపలున్న ఆర్ఎన్ఏ (కొన్ని వైరస్‌లలో డీఎన్ఏ). ఫార్వర్డ్ రాసినాయన 1935 దగ్గరే ఆగిపోయాడు.

కొవ్వు పొర మాటలో సగం నిజముంది. ఫ్లూ, డెంగీ, కరోనా వైరస్‌లకు అది ఉంటుంది. పోలియోకు, పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటాకు ఉండదు. మన మిరప తోటల్లో బొబ్బర (ఆకుముడత తెగులు) తెచ్చే జెమిని వైరస్‌కూ లేదు. అది అతుక్కున్న రెండు ప్రొటీన్ బంతుల్లా ఉంటుంది, అందుకే మిథున రాశి పేరు పెట్టారు. కొవ్వు లేని వైరస్‌ల మీద చేతులకు రాసుకునే శానిటైజర్ ప్రభావం కూడా తక్కువే. అక్కడ సబ్బుతో రుద్ది కడుక్కోవడమే మేలు.

ఇక వేడినీళ్ళు. అసలు పొరపాటు ఇక్కడే ఉంది. వైరస్ ఆ కొవ్వు పొరను ఎక్కడి నుంచో తెచ్చుకోదు, మన కణం నుంచి బయటికొస్తూ మన కణపు పొరనే చుట్టుకుని వస్తుంది. దాన్ని కరిగించేంత వేడి గొంతులో పోస్తే ముందు కరిగేది మన గొంతు. ల్యాబులో ఇలాంటి వైరస్‌లను వేడితో పనికిరాకుండా చెయ్యాలంటే 56 డిగ్రీల దగ్గర అరగంట ఉంచడం మామూలు. గుక్కెడు వేడినీళ్ళు గొంతులో ఎంతసేపుంటాయి? ఆవిరి పడితే ముక్కుకు హాయిగా ఉంటుంది, అంతవరకే. పిల్లల దగ్గర మరుగుతున్న గిన్నె పెట్టి కాళ్ళు కాల్చకండి.

పైగా డెంగీ గొంతులోంచి రాదు కదా, దోమ కాటుతో చర్మంలోకి దిగుతుంది. అక్కడి రోగనిరోధక కణాన్ని అంటుకుంటుంది. కణమే దాన్ని ఒక చిన్న తిత్తిలో లోపలికి మింగుతుంది. ఆ తిత్తిలో ఆమ్లం పెరిగేసరికి వైరస్ పైనున్న ప్రొటీన్ ఆకారం మారి, వైరస్ పొరా తిత్తి పొరా కలిసిపోతాయి. దాదాపు 11,000 అక్షరాల ఆర్ఎన్ఏ కణంలోకి జారుతుంది. ఆ తర్వాత కొన్ని గంటలపాటు కణమంతా వెతికినా పూర్తి వైరస్ ఒక్కటీ దొరకదు. అది పెరగదు, రెండుగా చీలదు, విడిపోతుంది. మన రైబోజోములు (కణంలో ప్రొటీన్లు తయారుచేసే యంత్రాలు) ఆ ఆర్ఎన్ఏను తమదే అనుకుని చదివి, ఒకే పొడవాటి ప్రొటీన్ తయారుచేస్తాయి. అది తెగి పది ముక్కలవుతుంది: మూడు ముక్కలు కొత్త వైరస్‌ల ఒంటికి, మిగతా ఏడు ఆర్ఎన్ఏకు నకళ్ళు తీయడంలాంటి పనులకు. అన్నీ కూర్చుకుని, కణం లోపలి పొరను చుట్టుకుని కొత్త వైరస్‌లు బయటపడతాయి. ఇదంతా కణం లోపలి వ్యవహారం, మీ గ్లాసులోని నీళ్ళు అక్కడికి చేరవు. మిరప రైతుకు ఇది అనుభవంలో ఉన్నదే. వైరస్‌ను మోసుకొచ్చే తెల్లదోమకు మందు కొడతాడు గానీ బొబ్బర పట్టిన మొక్కను పీకేస్తాడు. లోపలికి వెళ్ళిన వైరస్‌ను చంపే మందు ఏ పురుగుమందుల కొట్లోనూ లేదు.

అజిత్రోమైసిన్ పనిచేసేది బ్యాక్టీరియా రైబోజోము మీద. వైరస్‌కు సొంత రైబోజోమే లేదు, వాడుకునేది మనది. మరో యాంటీబయాటిక్ అమాక్సిసిలిన్ పడగొట్టేది బ్యాక్టీరియా కణ గోడను, అదీ వైరస్‌కు లేదు. మామూలు వైరల్ జ్వరం నాలుగైదు రోజుల్లో దానంతట అదే దిగుతుంది, పేరు మాత్రం మాత్రకు వస్తుంది. డాక్టరు స్క్రబ్ టైఫస్ అనో టైఫాయిడ్ అనో అనుమానించి అజిత్రోమైసిన్ రాస్తే అది వేరే లెక్క, అవి బ్యాక్టీరియా జబ్బులు. కొత్తపేట మందుల షాపులో మనమే అడిగి కొనుక్కోవడం వేరు.

ఎవరూ చూడలేదన్నది అన్నిటికన్నా తేలిక. పొగాకు వైరస్‌ను 1939లోనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఫొటో తీశారు. కరోనాను 2020లో పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ వేరుచేసింది, ఫొటో కూడా తీసింది. అంతదూరం ఎందుకు, జ్వరం వచ్చిన మొదటి రోజుల్లో ల్యాబువాళ్ళు డెంగీకి చేసే ఎన్ఎస్1 పరీక్ష పట్టుకునేది, పైన చెప్పిన ఏడు పనిముట్ల ప్రొటీన్లలో ఒకదాన్నే. డెంగీ సోకిన కణాలు దాన్ని రక్తంలోకి వదులుతాయి.

ఫార్వర్డ్‌లో నాకు నిజంగా టెన్షన్ పెట్టింది మాత్రం ఎవరూ పట్టించుకోని ఆ పెయిన్ కిల్లర్ ముక్క. డెంగీలో రక్తం గడ్డకట్టేలా చేసే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, రక్తస్రావం అయ్యే ప్రమాదముంటుంది. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ లాంటివి దాన్ని పెంచుతాయి. పరీక్ష ఫలితం వచ్చేదాకా జ్వరానికైనా నొప్పులకైనా పారాసెటమాల్ ఒక్కటే, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో. జ్వరం దిగాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. డెంగీ ఎక్కువగా ముదిరేది జ్వరం తగ్గిందనుకున్న ఆ ఒకటి రెండు రోజుల్లోనే.