అగ్రరాజ్యాల హామీ గారికి బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ హామీ గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. తమరు అభయమిచ్చిన వారి కుశలం మాత్రం అడగకండి.

అరబ్బు నేత ఎవరైనా మొండికేస్తే, ‘దిగిపోతే ప్రాణమైనా దక్కేది కదా’ అని తమరి తాలూకు పెద్దలు తెగ ఆశ్చర్యపోతుంటారు. 2012 నవంబరులో బ్రిటన్ ప్రధాని కామెరూన్, సిరియా అధ్యక్షుడు బషర్ అల్ అసద్ దేశం విడిచిపోతానంటే అందుకు ఏర్పాట్లు చేయవచ్చన్నారు. బతికినా చచ్చినా సిరియాలోనే అని అసద్ ఓ రష్యా చానల్‌కు తెగేసి చెప్పాడు. కొందరు దాన్ని తెగువ అన్నారు, కొందరు పొగరు అన్నారు. నాకు మాత్రం లెక్క కనిపించింది.

అప్పటికి ఏడాది కిందటే లిబియా నియంత గడాఫీ ఆఖరి ఘడియల వీడియో లోకమంతా చూసింది. గడాఫీ తమరిని నమ్మినవాడు. 2003 డిసెంబరులో అణు, రసాయన ఆయుధాల ప్రయత్నాలు మానుకున్నానని ప్రకటించాడు. మూడు నెలలకు అప్పటి బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్, లిబియా రాజధాని ట్రిపోలీ దగ్గర అతడి గుడారానికే వెళ్లి చేయి కలిపారు. 2006లో అమెరికా ఉగ్రవాద పోషకుల జాబితా నుంచి లిబియా పేరు కొట్టేసింది. 2011 మార్చిలో ఆ రెండు దేశాల నుంచే బాంబులు వచ్చాయి. అక్టోబరు 20న సిర్తే దగ్గర నాటో విమానాలు అతడి వాహనాలను కొడితే, రోడ్డు కింది తూములో దాక్కున్నాడు. తిరుగుబాటుదారులు బయటికి ఈడ్చారు. తరువాతి కథ ఆ వీడియోలో ఉంది.

పైగా తమరికి రెండు నాలుకలు. ఒకటి ‘వెళ్లిపో’ అంటుంటే, రెండోది అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వారంటు చదువుతుంది. ముప్పై ఏళ్లు తమరి మిత్రుడైన ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్, గద్దె దిగిన ఆరు నెలలకు కైరో కోర్టు బోనులో మంచం మీద పడుకుని హాజరయ్యాడు. (విచారణ తప్పని కాదు. టీవీలో ఆ మంచం చూశాక రాజీనామా రాయడానికి ఏ అధ్యక్షుడికి చేయి ఆడుతుంది?)

అయ్యా, ఈ లెక్కలో సిరియాలోని దరా పట్టణపు బడిగోడ ఎక్కడా లేదు. 2011లో దాని మీద నినాదాలు రాశారని పిల్లలను పట్టుకుపోయి హింసించారు. జనం మొదట అడిగింది ఆ పిల్లలను. అసద్ మార్చిలోనే ఇదంతా విదేశీ కుట్ర అన్నాడు. చూపడానికి సాక్ష్యం లేదు. ఆగస్టులో ఒబామా దిగిపొమ్మన్నారు. కుట్రకు సాక్ష్యం వెతుకుతున్న అసద్‌కు అడగని వరం దొరికింది! ఇక గోడ సంగతి ఎవరికి కావాలి?

దేశ జనాభాలో సగానికి పైగా ఇళ్లు వదిలాక, 2024 డిసెంబరు 8న, ‘చచ్చినా ఇక్కడే’ అన్న పెద్దమనిషి మాస్కోలో తేలాడు. మానవతా దృష్టితో ఆశ్రయం ఇచ్చారట. అంటే తమరి దాయాది రష్యా హామీ మాట నిలబెట్టుకుంది. మిగతా నియంతలందరూ ఈపాటికి ఇది రాసిపెట్టుకునే ఉంటారు. ఇకమీదట తమరి దుకాణానికి గిరాకీ తగ్గితే నన్ను అనవద్దు.

ఇట్లు,
కుర్చీ లేదు కనుక తమరితో పనిపడని ఒక సామాన్యుడు