శంషాబాద్ నుంచి అమెరికాకు నేరుగా ఎందుకు ఎగరరు?

హన్మకొండలో విమాన టికెట్లు బుక్ చేసే రాజేశం ఒక పక్క. శంషాబాద్‌లో లోడ్ షీట్లు, అంటే విమానంలో ఎంత బరువు ఎక్కించాలో చెప్పే లెక్కలు, తయారుచేసే ఆయన అన్న బిడ్డ శ్రావణి ఇంకో పక్క. నా మొగ్గు శ్రావణి వైపే. అయినా రాజేశం పట్టుబట్టిన మాటను కొట్టిపారేయలేను.

రాజేశం: వరంగల్, కరీంనగర్‌లలో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు ఎన్నో. కోడలి కాన్పుకని వెళ్లే అరవై దాటిన తల్లులు దోహాలోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో దిగి, భాష రాక, వీల్‌చెయిర్ ఎప్పుడొస్తుందోనని టెన్షన్ పడుతున్నారు. కంపెనీలకు మనసు లేదు, బరువు వట్టి సాకు.

శ్రావణి: సాకు కాదు చిన్నాయనా, లెక్క చూడు. 2021లో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా నడిపింది కదా, బోయింగ్ 777-200ఎల్ఆర్‌తో. అది సుమారు 347 టన్నులకు మించి లేవకూడదు. ఖాళీ విమానమే దాదాపు 145. ట్యాంకులు నింపితే ఇంకో 145. మిగిలింది 57.

రాజేశం: అందులో సీట్లు 238. సామానుతో కలిపి మనిషికి వంద కిలోలు వేసుకున్నా 24 టన్నులే. ఇంకా 33 ఉన్నాయి కదా!

శ్రావణి: ఆ 347 అన్ని రోజులూ దొరకదు. శంషాబాద్ సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంది. మే నెలలో 42 డిగ్రీల ఎండకు గాలి పలచబడుతుంది. రెక్కలు తక్కువ బరువే లేపుతాయి, ఇంజిన్ల బలమూ తగ్గుతుంది.

రాజేశం: రన్‌వే 4,260 మీటర్లుంది, ఇంకాస్త ఎక్కువ పరుగెత్తనీ!

శ్రావణి: పొడవు ఒక్కటే చాలదు. పరుగు మధ్యలో ఒక ఇంజిన్ ఆగిపోయినా రెండో దానితోనే పైకి ఎక్కగలగాలి. టైర్లకూ వేగ పరిమితి ఉంటుంది. వీటిలో ఏది అన్నిటికన్నా తక్కువ బరువు చెబితే ఆ రోజుకు అదే పరిమితి. అప్పుడు ఇంధనం తగ్గించలేం. ముందు కార్గో ఆపుతాం, అదీ చాలకపోతే సీట్లు ఖాళీగా వదలాలి. మన దగ్గర కార్గో అంటే మందులు, కంపెనీకి మంచి రాబడి. పైగా పదిహేను గంటల ప్రయాణంలో అదనంగా ఎక్కించిన ఇంధనంలో మూడో వంతు దాకా ఆ బరువును మోయడానికే కాలిపోతుంది. అడిస్ అబాబా చూడు, 2,300 మీటర్ల ఎత్తు. అక్కడి నుంచి వాషింగ్టన్ వెళ్లే విమానం దారిలో దిగి ఇంధనం నింపుకుంటుంది. వచ్చేటప్పుడు నేరుగా వస్తుంది, ఎందుకంటే వాషింగ్టన్ రన్‌వే సముద్రమట్టానికి పెద్ద ఎత్తులో లేదు.

రాజేశం: మరి సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15 వేల కిలోమీటర్లకు పైగా ఆగకుండా ఎలా వెళ్తున్నారు?

శ్రావణి: 280 టన్నుల దాకా బరువుతో లేవగల ఎయిర్‌బస్ ఏ350లో 161 సీట్లే పెట్టి. ఎకానమీ క్లాసే లేదు. ఆ టికెట్ మన అమ్మలకు కొనిపెట్టగలవా?

రాజేశం: అందరికీ కొనలేను. కానీ నువ్వే ఒప్పుకున్నావు, ఎగరలేకపోవడం కాదు, ఖర్చు. ఆ ఖర్చు ఎవరు భరించాలో కంపెనీ తేల్చుకుని, ప్రయాణికుడి మాట అడగకుండానే వన్ స్టాప్ టికెట్ చేతిలో పెడుతోంది. ఎండ లేనప్పుడు, అర్ధరాత్రి బయల్దేరితే?

శ్రావణి: రాత్రి అయితే కొన్ని టన్నులు కలిసొస్తాయి, నిజమే. కానీ ఏడాదంతా సీట్లు నిండాలి. డాలస్‌కు, న్యూజెర్సీకి, షికాగోకు వెళ్లేవాళ్లను ఒక్క విమానంలో ఎక్కించలేవు. దోహాలో దింపితే అక్కడి నుంచి ఎవరి ఊరికి వాళ్లకు విమానం ఉంటుంది. ఇక్కడి నుంచి దోహా దాకా చిన్న దూరమే కాబట్టి కార్గో కూడా ఎక్కుతుంది. నేను కంపెనీలో కూర్చున్నా ఇదే చేస్తా.

రాజేశం: మన వరంగల్ మామునూరు విమానాశ్రయం సంగతి చెప్పు. 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. దానికీ ఇదే బరువు కథ చెప్తావా?

శ్రావణి: చెప్పను. అక్కడ అనుకుంటున్నది 2,800 మీటర్ల రన్‌వే, ఎయిర్‌బస్ ఏ320 స్థాయి చిన్న విమానాలకు. దుబాయ్ మూడు వేల కిలోమీటర్ల లోపే. ఆ దూరానికి మే నెల ఎండలో కూడా పెద్దగా సీట్లు వదలాల్సిన పని ఉండదు. జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు పోయే మనోళ్లకు ఆ సర్వీసు కావాలని అడుగు, నేనూ నీతో వస్తా.

రాజేశం: అదీ అడుగుతా. షికాగో మాత్రం వదలను.