మూడో మండీ లెక్క చూసేదాకా ఫ్రేమ్‌వర్క్ జోలికి పోవద్దు

ఎవరైనా కోడు చూసి మార్చుకోగలిగే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు మొదలుపెట్టిన వారానికే "దీన్ని జెనరిక్‌గా, అందరికీ పనికొచ్చేట్టు చేసేద్దాం" అని ఎవరైనా అంటే దయచేసి ఆపండి. మా ప్రాజెక్టులో ఆ మాట అన్నది నేనే. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

దామలచెరువు మామిడి మండీలో రైతుకి ఇచ్చే లెక్కచీటీ కోసం తిరుపతిలో నలుగురం కలిసి ఒక ప్రోగ్రాం రాసినాం. తూకం, ధర, కమీషన్, హమాలీ. 200 లైన్లలో అయిపోయే పని. రేపు టమోటా వాళ్లు కూడా వాడతారు కదా అని బేస్ క్లాసు (అన్ని లెక్కలకీ పునాదిగా ఉండే కోడు), ప్లగిన్లు (దానికి తగిలించుకునే ముక్కలు), సెట్టింగుల ఫైలు అన్నీ పెట్టి ఒక ఫ్రేమ్‌వర్క్ చేసినాం. కమీషన్, హమాలీ లాంటి ఏ కోతైనా డబ్బులోంచే పోతుందని బేస్ క్లాసులో బిగించేసినాం. అప్పటికి మేం చూసింది ఆ ఒక్క మండీనే.

టమోటా వాళ్లు నిజంగానే వచ్చినారు. వాళ్లు ముందు తూకంలోనే తరుగు తీస్తారు. 100 కిలోలకి 4 కిలోలు తీసేస్తే, ధర కట్టేది 96 కిలోలకే. మా ఫ్రేమ్‌వర్క్‌లో తూకాన్ని ముట్టుకునే వీలే లేదు. పది చోట్ల తలుపులు పెట్టినాం, వాళ్లకి కావాల్సిన చోట గోడ ఉండాది.

ఆ మార్పు నేను చేస్తానని ఇంజనీరింగ్ మూడో ఏడాది పిల్లోడు ముందుకొచ్చినాడు. మూడో రోజు రాత్రి ఫోన్ చేసి, "అన్నా, లెక్క యాడ జరగతా ఉందో నాకు దొరకలేదన్నా" అన్నాడు. నేను కూడా తెరిచి చూసినా. తూకాన్ని ధరతో గుణించే ఒక్క లైను కోసం ఐదు ఫైళ్లు దాటాల్సి వచ్చింది. ఆ పిల్లోడు మళ్లీ రాలేదు. నాకు ఇప్పటికీ బాధ అదే. పైసా ఆశించకుండా రాత్రిపూట కూర్చుని సాయం చేసేవాడికి పని జరిగే చోటు వెంటనే కనపడాల.

పేరున్న ఫ్రేమ్‌వర్కులు ఎట్లా పుట్టినాయో చూడండి. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో అమెరికాలో లారెన్స్ అనే ఊళ్లో ఒక పత్రికాఫీసు వెబ్‌సైట్లు కడతా కడతా తయారైంది. 2003లో మొదలైతే 2005లో బయటికి ఇచ్చినారు. అదే పనికి వాడే రైల్స్‌ని బేస్‌క్యాంప్ అనే అప్లికేషన్‌లోంచి విడదీసి 2004లో విడుదల చేసినారు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టంకి గుండెకాయ లాంటి కర్నెల్‌లో అయితే, లోపల దాన్ని వాడే కోడు లేకుండా కొత్త ఇంటర్‌ఫేస్ (వేరే కోడు వాడుకునే దారి) పంపితే మామూలుగా తీసుకోరు.

ఒకే కోడు రెండు చోట్ల ఉంటే ఎట్లా అంటారు. ఉండనీండి. తప్పు దొరికితే రెండు చోట్లా దిద్దాలి, నిజమే, అది ఒక సాయంత్రం పని. తప్పుగా బిగించిన బేస్ క్లాసు మీద బయటివాళ్లు ప్లగిన్లు రాసుకున్నాక మాత్రం దాన్ని కదిలిస్తే వాళ్ల పని ఆగిపోతుంది.

పోయిన నెల ప్లగిన్లన్నీ పీకేసినాం. మామిడికి ఒక ఫైలు, టమోటాకి ఒక ఫైలు. సగానికి పైగా లైన్లు రెండింట్లోనూ ఒకటే. ఇప్పుడు పుంగనూరు చింతపండు వాళ్లు అడగతా ఉన్నారు. వాళ్ల చీటీ కూడా విడిగానే రాసి, మూడు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూస్తాం. అప్పటిదాకా ఎవరు బేస్ క్లాసు పంపినా నేను తీసుకోను.